క్షమించే హక్కు ఎవరిది?

నెల్లూరు జిల్లా మర్రిపాడు మండలం డీసీపల్లిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. సీజన్‌లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి బేళ్లు వచ్చి వరసల్లో దిగుతాయి. కొనేవాళ్లు ఆకు చూసి ధర చెబుతారు. ఎవరూ చెప్పకపోతే ఆ బేలు ‘నోబిడ్’. బ్యారన్ దగ్గర రాత్రుళ్లు మేలుకుని క్యూరింగ్ చేసిన ఆకును రైతు మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి, లేదా ఇంకో రోజు తక్కువకు ఒప్పుకోవాలి.

‘వ్యాపారులు సిండికేట్ అయ్యారు’ అన్న మాట ఒంగోలు నుంచి డీసీపల్లి దాకా తరచూ వినిపించేదే. 2020లో రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను కూడా వేలంలోకి దింపింది. కొనేవాళ్ల మధ్య పోటీ పెంచాలన్నదే ఉద్దేశం. అయితే ఆరోపణ వేరు, రుజువు వేరు. పదిమంది ఒకే ధర దగ్గర ఆగారంటే ఆకుకు గిరాకీ లేకపోయి ఉండవచ్చు, లేదా ముందు రోజు రాత్రే ఫోన్లలో మాట కుదిరి ఉండవచ్చు. వేలం వరసలో నిలబడి చూసేవాడికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఈ తేడా పట్టుకోవడానికే కాంపిటీషన్ చట్టం, 2002 ఉంది. కుమ్మక్కై ధర నిర్ణయించుకోవడం, వేలంలో కూడబలుక్కుని పాడటం ఆ చట్టం మూడో సెక్షన్ కింద తప్పు. దాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా లా, ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్ చదివేవాళ్లను సాధారణంగా ఒక నెలపాటు ఇంటర్న్‌లుగా తీసుకుంటుంది. అమెరికా న్యాయశాఖలోని యాంటీట్రస్ట్ విభాగమూ లా విద్యార్థులకు ఇలాంటి అవకాశమే ఇస్తుంది. ఇలాంటి చోటికి వెళ్లిన విద్యార్థి సెక్షన్లు, పాత ఉత్తర్వులు, మార్కెట్ లెక్కలు నేర్చుకుంటాడు. వాటన్నిటి అడుగున ఓ పాత ధర్మసందేహం ఉంది. దాన్ని మాత్రం ఏ సిలబస్సూ అడగదు.

కుమ్మక్కు పాపమని మనవాళ్లకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రం నాలుగో అధికరణానికి ‘కంటకశోధనం’ అని పేరు పెట్టాడు. రాజ్యంలోని ముళ్లను ఏరే పని అది. ఆ ముళ్లలో వర్తకులూ ఉన్నారు. అందరూ ఏకమై సరుకు తొక్కిపట్టినా, సరికాని ధరకు అమ్మినా కొన్నా వెయ్యి పణాల దండుగ. అమ్మడంతో పాటు ‘కొన్నా’ అనడం గమనించాలి. డీసీపల్లి రైతు గోడు అమ్మేవాళ్ల కుమ్మక్కు గురించి కాదు, కొనేవాళ్ల కుమ్మక్కు గురించే. అమెరికా 1890లో షెర్మన్ చట్టం చేయడానికి శతాబ్దాల ముందే ఈ రెండో వైపు కూడా ఇక్కడ రాతలోకి ఎక్కింది.

ముల్లు గుర్తుపట్టడం తేలికే. కష్టమంతా తీయడంలోనే ఉంది. కుమ్మక్కుకు కాగితం ఉండదు, సాక్షి ఉండడు. తెలిసినవాళ్లందరూ అందులో వాటాదారులే. కౌటిల్యుడు వేగులను పెట్టాడు. నేటి చట్టం ఇంకో దారి పట్టింది: లోపలివాడే వచ్చి చెబితే శిక్ష తగ్గిస్తానంది. సెక్షన్ 46, దాని కింద వచ్చిన నిబంధనలు చెప్పేది ఇదే. మొదట వచ్చి, కీలకమైన నిజం పూర్తిగా చెప్పి, దర్యాప్తుకు సహకరించినవాడికి నూటికి నూరు శాతం దాకా మాఫీ. తర్వాత వచ్చినవాడికి సగం దాకా, ఆ తర్వాతివాడికి 30 శాతం దాకా.

ఈ దారి మన దేశంలో పూర్తిగా మొదటిసారి ఫలించిన కేసుకు నెల్లూరుతోనూ చుట్టరికం ఉంది. టార్చిలైట్లలో, గడియారాల్లో వేసే బ్యాటరీల ధరల మీద ఎవరెడీ, పానాసోనిక్, ఇండో నేషనల్ కంపెనీలు కలిసి మాట్లాడుకున్నాయని కమిషన్ 2018 ఏప్రిల్‌లో తేల్చింది. ఇండో నేషనల్ అంటే నిప్పో. దాని కర్మాగారం అప్పటి నెల్లూరు జిల్లా తడలోనే ఉంది. ఎవరెడీకి 30 శాతం తగ్గించి 171.55 కోట్ల రూపాయలు, ఇండో నేషనల్‌కు 20 శాతం తగ్గించి 42.26 కోట్లు జరిమానా వేశారు. మొదట వచ్చి చెప్పింది పానాసోనిక్. దానికి పడాల్సిన జరిమానా మొత్తం మాఫీ అయింది.

ముగ్గురూ చేసింది ఒకే పని. ఒకడు ముందు తలుపు తట్టాడు కాబట్టి శుభ్రంగా బయటపడ్డాడు. ఇది న్యాయమేనా?

రామాయణం చదివినవాడికి ఈ ఘట్టం ఎక్కడో చూసినట్టే ఉంటుంది. విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రం దాటి వచ్చినప్పుడు సుగ్రీవుడు నమ్మవద్దన్నాడు. అన్నను విడిచి వచ్చినవాడు రేపు మనల్ని విడవడా అన్నది వాదన. వాల్మీకి రామాయణంలో హనుమంతుడి మాట ఇంకా ఆసక్తికరం. వాలిని చంపి సుగ్రీవుడికి రాజ్యం ఇప్పించిన సంగతి విని, తనకూ రాజ్యం దక్కుతుందన్న ఆలోచనతో ఇతడు వచ్చి ఉంటాడంటాడు. అందుకే చేర్చుకోవచ్చంటాడు! స్వార్థాన్ని దాచిపెట్టలేదు, దాన్ని అడ్డంకిగానూ చూడలేదు. చివరికి రాముడు శరణన్నవాడిని వదలనని చెప్పి, లంక గెలవకముందే అతడికి పట్టాభిషేకం చేయించాడు. జనం మాత్రం మరిచిపోలేదు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

పశ్చాత్తాపం ఉందా లేదా అని చట్టం అడగకపోవడాన్ని ఈ లెక్కన తప్పుపట్టలేం. మనసులో ఏముందో కమిషన్‌కు తెలిసే మార్గం లేదు, అక్కరా లేదు. పైగా ఎవడు ముందు వెళ్లి చెబుతాడో అన్న భయమే కుమ్మక్కును లోపలినుంచి తినేస్తుంది. ఇలాంటి మాఫీ అమెరికాలో 1978 నుంచే ఉన్నా, మొదట వచ్చినవాడికి అది ఖాయమని 1993లో హామీ ఇచ్చాకే చెప్పేవాళ్లు పెద్ద ఎత్తున ముందుకొచ్చారు.

అయితే ఒక చోట పోలిక నిలవదు. లంకలో అపచారం జరిగింది సీతారాములకు. శరణిచ్చింది కూడా రాముడే. దెబ్బ తగిలినవాడే క్షమించాడు. బ్యాటరీల కేసులో దెబ్బ తగిలింది రాత్రిపూట కరెంటిచ్చినప్పుడు టార్చి పట్టుకుని మోటారు దగ్గరికి నడిచిన రైతుకు. క్షమించింది ఢిల్లీలోని కమిషన్. వసూలైన జరిమానా కూడా రైతుకు రాదు. చట్టం ప్రకారం అది భారత సంచిత నిధికి జమ అవుతుంది.

ధర్మశాస్త్రం ఈ విషయంలో మరింత పట్టుదలగా ఉంది. చిన్నపాటి దొంగతనానికి మనుస్మృతి పదకొండో అధ్యాయం ప్రాయశ్చిత్తం చెబుతూ, దొంగిలించింది తిరిగి ఇచ్చి మరీ ఆ వ్రతం చేయాలంటుంది. సొమ్ము ఇంట్లో పెట్టుకుని చేసిన ఉపవాసానికి అక్కడ విలువ లేదు. నేటి చట్టంలోనూ దీనికి దగ్గరి దారి ఉంది. సెక్షన్ 53ఎన్ కింద నష్టపోయినవాళ్లు అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో పరిహారం కోరవచ్చు, ఒకే నష్టం పొందిన చాలామంది తరఫున ఒకరు అడగవచ్చు. కానీ ఒక్కో బ్యాటరీ మీద పోయిన రూపాయి కోసం ట్రిబ్యునల్ మెట్లెక్కేది ఎవరు?

కాబట్టి ఆ మాఫీని క్షమ అనడం కుదరదు, అది సమాచారానికి ప్రభుత్వం కట్టిన వెల. వెలగా అది సబబే. ఆ వెల కట్టాక, తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము మాట అక్కడితో ముగిసిపోవడమే అధర్మం. నిజం చెప్పినవాడికి జరిమానా తప్పించవచ్చు, నష్టపోయినవాడి బాకీ తప్పించకూడదు.

కమిషన్‌కు 2021 నుంచి చెన్నైలోనూ ప్రాంతీయ కార్యాలయం ఉంది. నెల్లూరు వి.ఆర్. లా కాలేజీలో, విశాఖ దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ నల్సార్‌లో చదివే మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు పిల్లలు కమిషన్ ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తు చేయాలి. నోబిడ్ అంటే ఏమిటో పుస్తకం చూడకుండా చెప్పగలిగినవాళ్లు ఆ గదుల్లో ఉండాలి. ఆ నెల రోజుల్లో 53ఎన్ కింద ఇప్పటిదాకా ఎంతమందికి ఎంత తిరిగి వచ్చిందో కూడా అడిగి తెలుసుకోవాలి.