నీటి జాకెట్ లోపలి వెల్డు

ఇంజన్ బ్లాకంటే పోత పోసిందే అనుకుంటాం. ఉక్కు ప్లేట్లు కోసి, వెల్డు చేసి కూడా కట్టొచ్చు. కాజీపేట షెడ్డు ఆల్కో డీజిళ్ల బ్లాకులు అలాంటివే. అచ్చూ కొలిమీ లేని ఇంటి షెడ్డులో ఒక్క బ్లాకు కావాలన్నా అదే దారి.

అసలు చిక్కు వెల్డింగ్ అయ్యాకే. అతుకు చల్లారేటప్పుడు లోహంలో ఒత్తిడి మిగిలిపోతుంది. బ్లాకు మొత్తాన్ని సుమారు 600 డిగ్రీలకి వేడిచేసి, నిదానంగా చల్లార్చాకే సిలిండర్లు బోరు చెయ్యాలి. లేకపోతే ఈరోజు గుండ్రంగా ఉన్న బోరు నడిచేకొద్దీ వంకరపోవచ్చు. ఈ పని ఎగ్గొట్టినా పైకి ఏమీ తెలీదు.

అమెరికాలో 1946 క్రాస్లీ కారుకి ఉక్కు రేకుల్ని రాగితో అతికిన బ్లాకు పెట్టారు. యుద్ధకాలంలో జనరేటర్లకి బాగానే సరిపోయింది. కార్లలో మాత్రం రాగీ ఉక్కూ నీళ్లలో బ్యాటరీలా పనిచేసి, లోపల్నుంచి చిల్లులు పడ్డాయి. 1949లో పోత ఇనుముకి మారారు. ఇందులో మోసం నాకు కనపడదు. తెలీకపోవడం వేరు, తెలిసీ ఎగ్గొట్టడం వేరు.

మరి తన బండికే చేసుకునేవాడు తెలిసీ ఎగ్గొడితే? నష్టం తనకే కదా అంటారు. (టెస్టులు పాసయ్యాయి కదా అనే మాట మా సాఫ్ట్‌వేర్‌లోనూ రోజూ వింటాను.) నేనొప్పుకోను. బండి చేతులు మారుతుంది. కొన్నవాడు బ్లాకు కోసి చూడలేడు. కనీసం ‘వేడిచేసి ఒత్తిడి తియ్యలేదు’ అని దానిమీద పంచితో కొట్టిపెట్టొచ్చు. సుత్తీ పంచీ ఎలాగూ షెడ్డులో ఉంటాయి.