పరుల పోరు - మన ధర్మము

కర్నూలు నుండి నంద్యాల మీదుగా అహోబిలమునకు పోవు యాత్రికులకు దారిలో ఓర్వకల్లు తగులును. వానలు తక్కువైన ఆ నేలలో గుట్టలుగా నిలిచిన రాతిబండలు అందరును ఎరిగినవే. ఆ ప్రాంతముననే భారత రక్షణ పరిశోధన సంస్థవారి ఆయుధ పరీక్షాక్షేత్రము కలదు. 2025 ఏప్రిల్ 13వ తేదీన అచట లేజరు కిరణముతో డ్రోనును కూల్చు ఆయుధమును పరీక్షించిరి. దేశమునకు ఆత్మరక్షణకై బలము ఉండవలసినదే. కాని ఆ బలమును పరదేశముల పోరులో వినియోగింపవచ్చునా? సైన్యమునకు బిడ్డలను పంపిన ఇండ్లకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు.

"పరుల గొడవ మనకేల?" యనుట సులభము. కురుపాండవ యుద్ధమున బలరాముడు ఇరువురును బంధువులే యని ఏ పక్షమును వహింపక తీర్థయాత్రకు వెడలెను. అతనిని లోకము నిందింపలేదు. కాని నిండుసభలో ద్రౌపదికి పరాభవము జరుగుచుండగా నోరు మెదపని పెద్దలను లోకము నేటికిని మన్నింపలేదు. కావున తొలగియుండుట ఒకప్పుడు ధర్మము, మరొకప్పుడు అధర్మము. ఈ భేదమును తెలిసికొనుట ఎట్లు?

పోరునకు పోవువారి సమ్మతి మొదట చూడదగినది. 1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రజాప్రతినిధులను సంప్రదింపకయే భారతదేశమును యుద్ధములోనికి దింపెను. నాడు కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రమున ఉండెను. అచటి రాజగోపాలాచారి మంత్రివర్గము నిరసనగా రాజీనామా చేసెను. ఎదుటనున్న హిట్లరుది అధర్మమే. అయినను ఒకరి బిడ్డలను అడుగకయే మరొకరు రణమునకు పంపుట న్యాయము కాజాలదు.

స్వతంత్ర భారతము వేర్వేరు సమయములందు వేర్వేరు దారులు త్రొక్కినది. 1950లో కొరియాకు పోరు సైన్యమును పంపక, కర్నల్ రంగరాజు నాయకత్వమున ఒక వైద్యదళమును పంపెను. ఆయుధముతో చేయు సాయమే సాయమని ఎవరనగలరు?

1971లో తూర్పు బెంగాలు నుండి సుమారు కోటిమంది శరణార్థులు మన దేశమునకు వచ్చిరి. డిసెంబరు 3వ తేదీన పాకిస్తాను విమానములు మన విమానాశ్రయములపై దాడి చేసెను. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయెను. సుమారు 93,000 మంది బందీలైరి. అంత గెలుపు తరువాతను మన సేన ఆ నేలను తనదనక, 1972 మార్చి నాటికి మరలివచ్చెను. లంకను గెలిచిన శ్రీరామచంద్రుడు విభీషణునకు పట్టముగట్టి అయోధ్యకు మరలినాడు కదా! శరణన్నవానిని కాచుట ఎంత ధర్మమో, కాచిన పిమ్మట వాని ఇంటిని వానికే విడిచి వచ్చుట అంత ధర్మము.

అయితే సదుద్దేశము ఒక్కటే చాలదు. 1987 జూలై 29న కుదిరిన ఒప్పందము మేరకు మన శాంతిసేన శ్రీలంకకు పోయెను. కొలది నెలలలోనే ఆ సేన తమిళ పులులతో పోరవలసి వచ్చెను. ఎవరి రక్షణకై పోయినారో వారిలోనే పలువురకు మనవారు పరులైరి. పిలిచిన దేశపు ప్రభుత్వమే పిదప వెళ్లుమనెను. 1990 మార్చిలో తుదిదళము తిరిగివచ్చునప్పటికి మనవారు సుమారు 1,200 మంది నేలకొరిగిరి. వారి శౌర్యమునకు లోపము లేదు. ఇరువురి నడుమ ఆయుధముతో నిలిచిన మధ్యవర్తి ఇరువురకును శత్రువగునని మాత్రము ఆ కథ తెలుపుచున్నది.

అందువలన మూడు విషయములు విచారింపవలెను. ఆర్తులు నిజముగా పిలిచిరా? శ్రీకృష్ణుడు అయిదూళ్లకై రాయబారము నడపినట్లు సంధికై తుదివరకు యత్నించితిమా? పని ముగిసినంతనే వట్టిచేతులతో మరలివచ్చుటకు సిద్ధముగా ఉన్నామా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి "కాదు" అని సమాధానము వచ్చినను అడుగు వేయరాదు. అప్పుడు ఔషధము, అన్నము, రాయబారము మాత్రమే పంపదగినవి.

అహోబిల నారసింహుడు బాలుని మొర విని కంబమునుండి వెడలినాడు. ఆ బాలుడే ఎదుట నిలిచి వేడగా శాంతించినాడు. పైకి లేచిన బలము మరల శాంతింపనేర్వవలెను. సరిహద్దున నున్న కుమారుని క్షేమమునకై ప్రతి ఇంట దీపము వెలుగుచుండును. ఎదుటి పక్షపు తల్లికిని ఒక కొడుకున్నాడని ఆ దీపము ముందు తలచువారి దేశము తొందరపడి కత్తి దూయదు. అట్టి వివేకమును శ్రీహరి పాలకులకును ప్రజలకును ప్రసాదించుగాక!