లెక్క అడగడం అనుమానించడమా?

మన సమాజంలో ఒక అపోహ బలంగా పాతుకుపోయి ఉంది. ఎవరినైనా లెక్క అడిగితే ఆ మనిషిని దొంగ అన్నట్లేనని చాలామంది భావిస్తారు. ఊరి చెరువుకట్టకు మరమ్మతు జరిగిందనుకోండి. పని ఎవరికి ఇచ్చారు, అంచనా ఎంత, బిల్లు ఎంత అని ఎవరైనా అడిగితే, "మామీద నమ్మకం లేదా?" అన్న ఎదురు ప్రశ్నే జవాబుగా వస్తుంది. అతిగా అనుమానించవద్దన్న ఖుర్ఆన్ బోధను (హుజురాత్, 12) గుర్తుచేసి అడిగినవాడి నోరు మూయించేవారూ ఉన్నారు. ఈ వాదన సరైనదేనా?

ఎంతమాత్రం కాదు. అనుమానం వేరు, హక్కు వేరు. ఆధారం లేకుండా ఒకరి గుణాన్ని శంకించడం అనుమానం. సొమ్ముగలవాడు తన సొమ్ము ఏమైందో తెలుసుకోవడం హక్కు. అదే ఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయతులో, అప్పు చిన్నదైనా పెద్దదైనా రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తోంది. ఆ ఆదేశం మోసగాళ్లకు కాదు, విశ్వాసులకే. అంటే నమ్మకం ఉన్నచోట కూడా రాత ఉండాల్సిందే. జకాతు వసూలు చేసి వచ్చిన ఒక అధికారి, అందులో కొంత తనకు వచ్చిన కానుక అన్నప్పుడు దైవప్రవక్త (స) ఊరుకోలేదు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. ఆ మాటను ప్రజలందరి ముందూ ప్రస్తావించారు. పదవిని చూసి వచ్చినది పదవి యజమానులదే గాని పదవిలో ఉన్నవాడిది కాదని ఈ హదీసు మనకు నేర్పుతోంది.

లెక్క అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో మన సీమ నేలే చెబుతుంది. కర్నూలు-కడప కాలువను మనం కె.సి. కెనాల్ అంటాం. దాన్ని మొదట తవ్వించింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ. పది లక్షల పౌండ్ల పెట్టుబడిపై ఏటా 5 శాతం వడ్డీకి ఆనాటి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా, రైతు పొలం తడిసినా ఎండినా వాటాదారులకు వడ్డీ తప్పదు. లాభం ముందే ఖాయమైనవాడికి పొదుపుగా, పటిష్ఠంగా పనిచేయవలసిన అవసరమేముంది? ఖర్చు అంచనాలను దాటిపోయింది. ప్రభుత్వం మళ్లీ అప్పు ఇవ్వాల్సివచ్చింది. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. నష్టభారం మోసింది పన్ను కట్టిన ప్రజలే.

ఇక మన కాలపు సంగతి చూద్దాం. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి గ్రామాలను వరద ముంచెత్తింది. ప్రాణాలు పోయాయి. ఒక గేటు పనిచేయలేదని కేంద్రమంత్రి రాజ్యసభలో చెప్పారు. కనీవినీ ఎరుగని వరదే కారణమని రాష్ట్ర ప్రభుత్వం అన్నది. తప్పు ఎవరిదో ఇక్కడ మేము తీర్పు చెప్పడం లేదు. మా ప్రశ్న ఒక్కటే. గేట్ల మరమ్మతు ఎవరికి అప్పగించారు, ఎప్పటికి ముగియాలి, ఎంతవరకు అయింది అన్న మూడు ముక్కలు కట్ట కింది గ్రామాల వారికి వరదకు ముందే తెలిసి ఉండవలసింది కాదా? లెక్క అంటే రూపాయలు మాత్రమే కాదు, ప్రాణాలు కూడా.

ఏర్పాట్లు లేవని కాదు. 2003లో మన రాష్ట్రంలో కంప్యూటరు ద్వారా టెండర్లు మొదలయ్యాయి. 100 కోట్లు, ఆపైబడిన పనుల టెండర్లను న్యాయమూర్తి ముందుగా పరిశీలించాలని 2019లో చట్టం చేశారు. 2024లో దాన్ని రద్దు చేశారు. చట్టాలు వస్తాయి, పోతాయి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారే ఏర్పాటు మీదే ఆధారపడితే మన హక్కు కూడా ఊగిసలాడుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక వింత గమనించండి. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగినప్పుడు మట్టి తవ్విన కూలీ పేరు, అందుకున్న కూలి గ్రామసభలో అందరి ముందూ చదివారు. పేదవాడి వందల రూపాయల లెక్క బజారులో వినిపించింది. కోట్ల రూపాయల కాంట్రాక్టు ఎం.బుక్ మాత్రం ఆఫీసు బీరువాలోనే ఉండిపోతోంది. ఇదెక్కడి న్యాయం?

2005 సమాచార హక్కు చట్టం ఈ బీరువా తాళం మన చేతికి ఇచ్చింది. కాగితాల నకళ్లు అడగడమే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలో ఉన్నాయి. వీధి రోడ్డు ఏడాదికే లేచిపోయిందని ఇంట్లో కూర్చుని తిట్టుకునేవారు ఎందరో! ఒక దరఖాస్తు రాసేవారు ఎందరు?

పాఠక సోదర సోదరీమణులారా! నిజాయితీపరుడికి లెక్క శత్రువు కాదు, సాక్షి. రాత లేనిచోట దొంగకూ దొరకూ తేడా తెలియదు, ఇద్దరిమీదా ఒకే నింద పడుతుంది. కాబట్టి మన చేతిలో ఉన్నదానితోనే మొదలుపెడదాం. మస్జిదు చందాల జమాఖర్చులు జుమా నాడు అందరికీ చదివి వినిపిద్దాం. దీన్ని ముతవల్లీలు అవమానంగా భావించకూడదు. తన ఇంట లెక్క చెప్పేవాడికే సర్కారును లెక్క అడిగే ధైర్యం, అర్హత వస్తాయి. రేపు తీర్పుదినాన అందరమూ లెక్క చెప్పవలసినవాళ్లమే. తిన్నవాడు తిన్నదానికి, తెలిసీ మౌనంగా ఉన్నవాడు తన మౌనానికి జవాబు చెప్పుకోవాలి.