ప్రిన్సిపాల్ కాబోతున్న అమ్మాయికి



జూన్ 12న బడి తెరిచేనాటికి ప్రిన్సిపాల్ బాధ్యత నీదే అవుతుందని తెలిసి చాలా సంతోషించాను. అయితే నీ ఉత్తరంలోని ఒక సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. ఏటా పరీక్షలు అయిపోగానే టీచర్లలో కొందరు మానేస్తున్నారనీ, కొత్తవాళ్లను వెతుక్కోవడంతోనే వేసవి సరిపోతోందనీ రాశావు. ఉన్నవాళ్లను నిలుపుకోవడానికి యోగా తరగతులు, టీచర్స్ డే కానుకలు పెడితే ఎలా ఉంటుందని అడిగావు. పెట్టు, తప్పేమీ లేదు. కానీ టీచరు ఒక బడిలో ఉండాలా వెళ్లాలా అని తేల్చుకునేది సెప్టెంబరు 5న జరిగిన సంబరాన్ని బట్టి కాదు. ఏడాది పొడుగునా ఆ బడి తన సమయాన్ని ఎలా వాడుకుంది, తన మాటకు ఏపాటి విలువ ఇచ్చింది అన్నదే ఆమె చూసుకుంటుంది. జీతం పెంచడం నీ ఒక్కదాని వల్ల కాకపోవచ్చు. ఈ రెండూ మాత్రం చాలావరకు నీ చేతిలోనే ఉంటాయి.

ముందు సమయం లెక్క చూడు. నాలుగు సెక్షన్లకు పాఠం చెప్పే టీచరుకు, సెక్షనుకు నలభై మంది చొప్పున, 160 నోటు పుస్తకాలు వస్తాయి. ఒక్కోదానికి మూడు నిమిషాలే పెట్టినా ఎనిమిది గంటల పని. క్లాస్‌వర్కుకు ఒకటి, హోమ్‌వర్కుకు ఒకటి ఉంటే పదహారు గంటలు. వారం వారం దిద్దాలని సర్క్యులర్ ఇస్తాం గానీ ఏ పీరియడ్‌లో దిద్దాలో చెప్పం. ఉన్న ఒక్క లీజర్ పీరియడ్ కాస్తా, ఎవరో సెలవు పెట్టారని, ప్రేయర్ అయ్యేలోగా సబ్‌స్టిట్యూషన్ కింద పోతుంది. పుస్తకాల సంచీ ఇంటికి వెళ్తుంది. రాత్రి గిన్నెలు కడుక్కున్నాక ఎర్ర కలం పట్టుకుని ఆమె పెట్టే టిక్కుల్లో చదివి పెట్టేవి ఎన్ని ఉంటాయి? అది ఆమె తప్పు అనలేను. విద్యాహక్కు చట్టం షెడ్యూలు టీచరుకు వారానికి 45 గంటలు పని అంటూ, పాఠానికి సిద్ధమయ్యే సమయాన్ని కూడా అందులోనే కలిపింది. సిద్ధపడటం కూడా పనేనని 2009లోనే చట్టం ఒప్పుకుంది. నువ్వు వేసే టైమ్‌టేబుల్ కూడా ఒప్పుకోవాలి. రోజుకు ఒక్క పీరియడైనా ఎవరూ ముట్టుకోకుండా వాళ్లకు వదిలెయ్యి. సబ్‌స్టిట్యూషన్లకు ఒక రిజిస్టరు పెట్టు. లేకపోతే ఎదురు చెప్పలేని మనిషికే అన్నీ పడతాయి. నోట్సు ప్రతి పేజీ దిద్దాలా, వంతుల వారీగా కొన్ని దిద్దితే చాలా అన్నది వాళ్లతో కూర్చునే తేల్చుకో. రాత్రి పది గంటలకు వాట్సాప్ గ్రూపులో మర్నాటి పని పురమాయించే అలవాటు నీ హయాంలో ఉండకూడదు.

ఇక మాట విలువ. రెండు మార్కులు తగ్గాయని జవాబు పత్రం పట్టుకుని తండ్రి ఆఫీసుకు వస్తాడు. టీచరును పిలిపించి, ఆయన ముందూ పిల్లవాడి ముందూ సంజాయిషీ అడిగితే ఆ పూటకు గొడవ సద్దుమణుగుతుంది. మర్నాటి నుంచి ఆ తరగతిలో ఆమె మాట చెల్లదు. ముందు ఆమెతో విడిగా మాట్లాడు. తప్పుంటే మార్కులు కలిపించు, లేకపోతే ఆమె పక్కన నిలబడి తండ్రికి నువ్వే చెప్పు. ఇది మర్యాద గురించి మాత్రమే చెప్పడం లేదు. అమెరికాలో రిచర్డ్ ఇంగర్‌సోల్ అనే పరిశోధకుడు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, టీచర్ల కొరతకు పదవీ విరమణల కంటే మధ్యలో మానేసేవాళ్లే పెద్ద కారణమని తేల్చాడు. అసంతృప్తితో మానేసినవాళ్లు చెప్పిన కారణాల్లో తక్కువ జీతం ఉంది. దాంతోపాటే బడి నడిపేవాళ్ల అండ లేకపోవడం, పిల్లల క్రమశిక్షణ సమస్యలు, నిర్ణయాల్లో తమకు చోటు లేకపోవడం కూడా ఉన్నాయి. జీతం తప్ప మిగతావన్నీ ప్రిన్సిపాల్ గదిలో తేలే సంగతులే.

ఇంత స్వేచ్ఛ ఇస్తే పని ఎగ్గొడతారని మీ కరస్పాండెంట్ గారు అనవచ్చు. ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు, కాదనను. వాళ్ల కోసం బడి మొత్తాన్ని కెమెరాల కింద పెడితే, మంచి అర్హతలున్న టీచర్లు వేరే చోటు చూసుకుంటారు, ఎటూ పోలేనివాళ్లు మిగులుతారు. నిఘా కోరుకున్న ఫలితానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. నువ్వే తరగతిలో వెనక బెంచీలో కూర్చుని పాఠం విను. లోపం ఏమిటో ఆ సాయంత్రమే విడిగా చెప్పు. బాగుంటే అదీ చెప్పు. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని మనుషులను ఆపే పద్ధతి చాలా బళ్లలో ఉంది. అది అన్యాయం. మీ బడిలో ఉంటే మొదటి వారంలోనే తిరిగి ఇప్పించు.

ఒకరు పోతే తక్కువ జీతానికి ఇంకొకరు దొరుకుతారు కదా అన్నది ఇంకో వాదన. న్యూయార్క్ నగరంలో నాలుగు, ఐదు తరగతుల పిల్లల ఫలితాలను ఏళ్ల తరబడి పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం దీనికి గట్టి జవాబు. టీచర్లు ఎక్కువగా మారిన చోట ఇంగ్లిష్‌లోనూ లెక్కల్లోనూ పిల్లలు వెనకబడ్డారు. మారని టీచర్ల దగ్గర చదివిన పిల్లలకూ ఆ నష్టం తప్పలేదు. వెనకబడిన పిల్లలు ఎక్కువగా ఉన్న బళ్లలో దెబ్బ మరీ గట్టిగా తగిలింది. ఒక మనిషి వెళ్లిపోతే ఆమెకు తెలిసిన సంగతులూ వెళ్లిపోతాయి. ఏ పిల్లకు బోర్డు సరిగా కనపడదో, ఏ పిల్లవాడు పొద్దున ఏమీ తినకుండా వస్తాడో కొత్త టీచరుకు తెలిసేసరికి దసరా దాటుతుంది.

జీతం గురించి నిన్ను మభ్యపెట్టను. గౌరవం అద్దె కట్టదు. కోవిడ్ కాలంలో బళ్లు మూతపడి జీతాలు ఆగిపోతే, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. వాళ్ల బతుకు ఎంత సన్నని అంచు మీద ఉందో దాంతోనే తెలిసింది. పెంచే అధికారం నీకు లేకపోయినా, చట్టం ఇచ్చింది ఇప్పించే బాధ్యత నీదే. 2009లో సవరించిన చట్టం టీచర్లకూ గ్రాట్యుటీ హక్కు ఇచ్చింది, 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు కూడా హక్కే, దయ కాదు. బిడ్డను కన్న టీచరు మళ్లీ తన తరగతికే రాగలనని నమ్మితే సగం రాజీనామాలు ఆగుతాయని నా అభిప్రాయం.

మిగిలింది వేసవి. పది నెలల జీతమే ఇచ్చి, ఎండల్లో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పే బడిని టీచరు తనదనుకోదు. మీ కరస్పాండెంట్ గారితో ఈ నెలలోనే మాట్లాడు. పన్నెండు నెలల జీతం అడుగు. అడ్మిషన్ల పని టీచర్ల మీద నుంచి తీసెయ్యమను. ఆయన ఒక్కసారికే ఒప్పుకోకపోవచ్చు, మళ్లీ అడుగు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న