కొండవాలుపై ఆట – ప్రభువును శోధించుటయా?



మన యౌవనస్థులు సెలవులు దొరికిన ఉత్తర దిక్కునకు చూచుచున్నారు. నాందేడులో సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి అమృతసర్ చేరి, అక్కడనుండి కాశ్మీరు దారి పట్టవచ్చును. గుల్‌మార్గ్ మంచులో స్కీయింగ్ చేయవలెనని కొందరి ఆశ. అదియు చదును చేసి గుర్తులు పెట్టిన బాటలో కాదు. ఎవరును తీర్చని కొండవాలులో, బండరాళ్లమీదనుండి గాలిలోనికి ఎగిరి, గిరగిర తిరిగి, మరల మంచుపై దిగు ఆట. ఒకే వాలును ఇద్దరు ఒకే రీతిగా దిగరు. ఎవరి దారిని వారే కల్పించుకొనుట అందులోని ఆనందము.

తల్లిదండ్రులు భయపడుచున్నారు. "మేము కూటికొరకు ఊరు విడిచి సాహసించితిమి. మీరు ఆటకొరకు ప్రాణము పణము పెట్టుదురా?" అని అడుగుచున్నారు. మనకు కొండ అనగా ప్రార్థనయే గుర్తుకు వచ్చును. 1854 జనవరి 1న తెల్లవారుజామున జువెట్ దొరగారితో కలిసి ఐదుగురు ఒంగోలు కొండపై మోకరించిన సంగతి మన సంఘములలో పిల్లలకు సహితము తెలియును. అట్టి మనకు కొండమీద ఆట వింతగా తోచుటలో ఆశ్చర్యము లేదు.

అయినను ఆట దేవునికి అన్యమైనది కాదు. సముద్రములో ఆడుకొనుటకే దేవుడు ఒక మహా జలచరమును నిర్మించెనని 104వ కీర్తన తెలుపుచున్నది. కాళ్లలోని బలము, కంటి చురుకుదనము ఆయన ఈవులే. స్కీయింగ్ పందెములకు రూపము దిద్దిన ఆర్నాల్డ్ లన్ 1888లో మద్రాసులో ఒక మెథడిస్టు మిషనరీ ఇంట పుట్టినవాడు. 1909లో కొండ ఎక్కుచు పడి కాలు విరిగి, ఆ కాలు పొట్టిదైనను, ఆయన కొండలను విడువలేదు. 1922లో స్విట్జర్లాండులోని మ్యూరెన్‌లో ఆధునిక స్లాలమ్ పందెమును నడిపించెను. ఇట్టివారిని చూచి, కొండకు పోవువారందరు బుద్ధిహీనులని తీర్పు చెప్పలేము.

మరి శోధన ఎక్కడ మొదలగును? మత్తయి 4వ అధ్యాయములో అపవాది ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, దూకుమనెను. ఎత్తులో తప్పు లేదు. ప్రభువు తానే పలుమార్లు కొండ ఎక్కెను. తండ్రి కాపాడునో లేదో చూతమని దూకుటయే తప్పు.

మంచుకొండ ఈ భేదమును స్పష్టముగా చూపును. మంచు పొరలు పొరలుగా పడును. పైపొర గట్టిపడి, దాని క్రింద బలహీనమైన పొర ఉన్నయెడల, ఒక మనిషి బరువుకే వాలంతయు జారవచ్చును. 30 మొదలు 45 డిగ్రీల వాలులు ఆటకు ఎంత రమ్యమో, మంచుచరియలకు అంత అనువైనవి. చరియలో చిక్కిన స్కీయర్లలో అధికులు తాము గాని తమ తోటివారు గాని కదిలించిన మంచులోనే చిక్కుదురు. పూడిపోయినవానిని సుమారు 15 నిమిషములలో వెలికితీసిన బ్రదుకుటకు మంచి అవకాశముండును. తరువాత అది వేగముగా తగ్గును. బయటినుండి సహాయము అంత త్వరగా రాదు. అందుచేత తెలిసినవారు ఒక్కొక్కరుగా దిగుదురు. మిగిలినవారు కనిపెట్టుకొని యుందురు. ప్రతివాడును సంకేతములిచ్చు చిన్న యంత్రము, మంచులో గ్రుచ్చి వెదకు పొడవాటి కడ్డీ, ఒక పార వెంట తీసికొని పోవును.

ఆ పారను గూర్చి ఆలోచించుడి. పూడిపోయినవాడు తన పారతో తన్ను త్రవ్వుకొనలేడు. నీ సంచిలోని పార నీ పొరుగువానికొరకు. వాని పార నీకొరకు. ఒంటరిగా పోవువాడు గాని, హెచ్చరిక వినక పోవువాడు గాని తన ప్రాణమునే కాదు, తన్ను వెదకబోవువారి ప్రాణములను సహితము అడుగకయే పణము పెట్టుచున్నాడు. 2023 ఫిబ్రవరి 1న గుల్‌మార్గ్‌లోని అఫర్వత్ కొండపై చరియ పడి ఇద్దరు పోలండు దేశస్థులు మరణించిరి. 19 మంది విదేశీయులను, ఇద్దరు స్థానిక గైడ్లను రక్షించిరి. ఆ గైడ్లకు కొండ ఆట కాదు, జీవనోపాధి. వారి ఇండ్లలోను తల్లులు కలరు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఊరకే "వద్దు" అనుటతో సరిపెట్టకుడి. అట్లు చేసిన వారు చెప్పకుండ పోవుదురు. ఎవరితో పోవుచున్నారు, మంచును ఎరిగినవారు వెంట ఉన్నారా, గైడు "నేడు వద్దు" అనిన తిరిగి వత్తురా అని అడుగుడి. యౌవనులారా, అంత దూరము పోయి, అంత డబ్బు వ్యయపరచి, నలుగురు చూచుచుండగా వాలు అంచునుండి వెనుకకు తిరుగుట ఎగురుటకంటె కష్టము. వెనుకకు తిరుగగలవాడు మాత్రమే స్వతంత్రుడు. వాని ఆట కృతజ్ఞతాస్తుతి కాగలదు. తిరుగలేనివాడు అప్పటికే శిఖరముమీద అపవాది మాట వినుచున్నాడు.

ప్రభువు మన బిడ్డల పాదములను, వారి తోటివారి పాదములను కాపాడును గాక. ఆమేన్.