ఢిల్లీ గద్దె మారాలా అని అడిగే ముందు

చిరంజీవి చిన్నోడికి మీ పెద్దబాపు ఆశీస్సులు.

పెద్దపల్లి పెండ్లిలో భోజనాల కాడ నువ్వూ మీ బావా అనుకున్న మాటలు పెద్దమ్మ చెవిన పడ్డాయి. ఆమె చెవిన పడ్డదంటే ఇంటిల్లిపాదికీ తెలిసినట్టే. ఢిల్లీలో సర్కారు మారకపోతే దేశం ఆగమైపోతుందని ఒకరు, మారితేనే ఆగమైపోతుందని ఒకరు. ఎవరు ఏది అన్నారన్నది ఈ ఉత్తరానికి అక్కర్లేదు. ఇద్దరి విస్తర్లలో అన్నం చల్లారిపోయిందని పెద్దమ్మ బాధ. మీ పెద్దబాపు బాధ వేరే ఉంది, దాని సంగతి తర్వాత.

ఏలే పార్టీని ఓటర్లు మార్చాలా, ఉంచాలా అన్న ప్రశ్నకు టీవీ స్టూడియోల్లో జవాబు దొరకదు. కరీంనగర్, ఆదిలాబాద్ ఓటర్లను చూస్తే కొంతైనా దొరుకుతుంది. 2018 డిసెంబరులో టీఆర్ఎస్‌కు రాష్ట్రంలో 119కి 88 సీట్లు వచ్చాయి. కరీంనగర్ అసెంబ్లీ స్థానంలో ఆ పార్టీ అభ్యర్థి గంగుల కమలాకర్ గెలిచారు, బీజేపీ అభ్యర్థి బండి సంజయ్ ఓడారు. నాలుగు నెలలు తిరిగి 2019 ఏప్రిల్ వచ్చేసరికి అదే సంజయ్ కరీంనగర్ లోక్‌సభ స్థానంలో దాదాపు తొంభై వేల ఆధిక్యంతో నెగ్గారు. ఆదిలాబాద్, నిజామాబాద్ కూడా బీజేపీకే పోయాయి. 2023లో సంజయ్ మళ్లీ అసెంబ్లీకి నిలబడితే మూడు వేల పైచిలుకు ఓట్ల తేడాతో కమలాకర్ చేతిలోనే ఓడారు. ఆర్నెల్లలోపే, 2024 మేలో, ఓటర్లు ఆయన్ను రెండు లక్షలకు పైగా మెజారిటీతో లోక్‌సభకు పంపారు. కరీంనగర్ వాళ్లకు నిలకడ లేదని విశ్లేషకులు అన్నారు. లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటాయి కాబట్టి లెక్క కొంత వేరేగా ఉండే మాట నిజమే. అయినా ఒకే మనిషి ఒకే బడిలోని ఒకే గదిలో రెండు ప్రశ్నలకు రెండు జవాబులు ఇవ్వడం నిలకడ లేకపోవడం ఎట్లా అవుతుంది? రాష్ట్రం సంగతి ఒకటి, ఢిల్లీ సంగతి ఇంకొకటి అని విడదీసి చూసే తెలివి అది.

ఆ తెలివి ఈనాటిది కాదు. 1971లో దేశమంతా ఇందిర గాలి వీచింది. ఇక్కడ తెలంగాణ ప్రజా సమితికి పది సీట్లు వచ్చాయి, కరీంనగర్‌లో ఎం. సత్యనారాయణరావు ఆ పార్టీ మీదే గెలిచారు. ఆ ఏడే పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న ఇండ్లలో ఆ విలీనం మీద ఎంత కోపం ఉండేదో మీ తాత చెప్పేవాడు. 1977లో దేశం ఇందిరను దించింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 సీట్లు కాంగ్రెస్‌కే ఇచ్చింది. 1984లో ఇందిర హత్య తర్వాత కాంగ్రెస్‌కు దేశంలో నాలుగు వందలకు పైగా సీట్లు వస్తే, ఇక్కడ తెలుగుదేశానికి ముప్పై. ఆదిలాబాద్ ఎంపీ సి. మాధవరెడ్డి లోక్‌సభలో ఆ పార్టీకి నాయకుడయ్యారు. ఢిల్లీలో అధికార పక్షం తర్వాత పెద్ద పార్టీకి ఆదిలాబాద్ మనిషి పెద్ద దిక్కయ్యాడన్న మాట. పక్కనున్న కరీంనగర్ అదే ఎన్నికలో కాంగ్రెస్ జువ్వాడి చొక్కారావును పంపింది. 1989లో దేశం రాజీవ్‌ను దించితే, మన రాష్ట్రం 42లో 39 ఆయన పార్టీకే కట్టబెట్టింది.

ఇన్నిసార్లు దేశం ఒక దారిన పోతే మనం ఇంకో దారిన పోయాం. దానివల్ల మునిగిపోయామా?

రామగుండం చూడు. ఎన్టీపీసీకి 1978 నవంబరులో శంకుస్థాపన చేసింది మొరార్జీ దేశాయ్, అంటే ఏడాదిన్నర ముందు మన రాష్ట్రం ఒకే ఒక్క సీటు విదిల్చిన జనతా పార్టీ ప్రధాని. ఓటు వేయలేదని ఆయన ప్లాంటును ఇంకో రాష్ట్రానికి తీసుకుపోలేదు. ఇక మనవాడే ప్రధాని అయితే? అదీ జరిగింది. వంగర మనిషి, మంథని నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే అయిన పి.వి. నరసింహారావు 1991 నుంచి 1996 దాకా ప్రధాని. పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ రైలు మార్గం ఆయన హయాంలోనే మంజూరైంది. నిజామాబాద్ దాకా పట్టాలు పూర్తయింది 2017లో. మధ్యలో దేవెగౌడ, గుజ్రాల్, వాజపేయి, మన్మోహన్‌సింగ్ వచ్చి వెళ్లారు, మోదీ వచ్చారు. ఢిల్లీలో పార్టీలు మారుతూనే ఉన్నాయి. ఇక్కడ భూసేకరణ ఫైళ్లు, బడ్జెట్ ముక్కలు మాత్రం వాటి తీరున అవి కదిలాయి. ఆ లైను కోసం తిరిగిన వాళ్లలో అన్ని పార్టీల ఎంపీలూ ఉన్నారు, ఏ పార్టీకీ చెందని కరీంనగర్ వ్యాపారులూ ఉన్నారు.

ఎరువుల ఫ్యాక్టరీ కథ ఇంకా చిత్రం. ఎఫ్‌సీఐ రామగుండం యూనిట్ 1999లో మూతపడింది. అప్పుడు కేంద్రంలో వాజపేయి ప్రభుత్వం, దానికి ఊపిరి తెలుగుదేశం మద్దతు. కరీంనగర్ ఎంపీ చెన్నమనేని విద్యాసాగరరావు ఆ ప్రభుత్వంలో మంత్రి కూడా అయ్యారు. అంటే రాష్ట్రమూ కేంద్రమూ ఒక్క మాట మీద ఉన్న రోజుల్లో ఫ్యాక్టరీ పొగగొట్టం చల్లబడింది. పునరుద్ధరణ మాట మన్మోహన్ ప్రభుత్వంలో మొదలైంది, పునాదిరాయి 2016లో మోదీ వేశారు, 2021లో యూరియా బయటికి వచ్చింది. ఎవరి ఖాతాలో వేసుకోవాలి దీన్ని? ఆదిలాబాద్ సిమెంటు ఫ్యాక్టరీది దానికి ఎదురు కథ. ఎనభైల్లో మొదలై తొంభైల్లో ఆగిపోయింది. అప్పటి నుంచి ప్రతి లోక్‌సభ ఎన్నికలోనూ ఎవరో ఒకరు తెరిపిస్తామనే అంటారు. ఆదిలాబాద్ ఓటర్లు టీడీపీని, కాంగ్రెస్‌ను, టీఆర్ఎస్‌ను, బీజేపీని అందరినీ చూశారు.

దీన్ని బట్టి ఎవరొచ్చినా ఒకటే అని నువ్వు అనుకుంటే మీ పెద్దబాపు తల పట్టుకోవాల్సిందే. ఒకటే కాదు. ఎమర్జెన్సీ పెట్టిన ప్రభుత్వాన్ని 1977లో ఉత్తరాది ఓటర్లు దించకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. బెంగాల్లో వామపక్షం 34 ఏండ్లు ఏలింది. బర్గాదార్లకు, అంటే కౌలు రైతులకు, సాగు హక్కులు రాయించిన ఆ వామపక్షమే చివరికి సింగూరు, నందిగ్రామ్ దాకా వచ్చి 2011లో కూలింది. ఎట్లాగూ మనమే గెలుస్తామన్న ధీమా వచ్చిన పార్టీకి జనం గోడు వినబడదు. కానీ దించుడు, ఉంచుడు అని ఓటరుకు రెండే దారులున్నాయని నువ్వు అనుకుంటున్నావు చూడు, అక్కడ పొరపడుతున్నావు.

మూడో దారి ఒకటుంది, దాన్ని కరీంనగర్ వాళ్లు చేసి చూపించారు. 2004లో కేసీఆర్‌ను గెలిపించారు. ఆయన రాజీనామా చేసి 2006లో మళ్లీ వస్తే రెండు లక్షలు దాటిన మెజారిటీ ఇచ్చారు. 2008లో ఇంకోసారి రాజీనామా, ఇంకోసారి ఉప ఎన్నిక. ఈసారి గెలిపించారు గానీ మెజారిటీని పదిహేను వేల చిల్లరకు కోసేశారు. తెలంగాణ కావాలి, సరే, అయితే మాటిమాటికీ మమ్మల్ని లైన్లో నిలబెట్టకు అని చెప్పారు. 2009లో కాంగ్రెస్ అభ్యర్థి పొన్నం ప్రభాకర్‌ను ఎన్నుకున్నారు. ఐదేండ్లలో నాలుగుసార్లు ఒక్క లోక్‌సభ స్థానానికి ఓటు వేసిన జనం వాళ్లు. 2024లో దేశం చేసిందీ ఇట్లాంటిదే. బీజేపీ 303 నుంచి 240కి దిగింది, గద్దె దిగలేదు. చంద్రబాబు 16 మంది, నితీశ్ 12 మంది తోడైతే తప్ప నడవని ప్రభుత్వం వచ్చింది. మార్చకుండానే ముక్కుతాడు వేశారు.

నాలుగో దారి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు పసుపు రైతులది. 2019లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో బూతులో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. వాళ్లలో ఎవరూ గెలవలేదు. అయితే పసుపు బోర్డు మాట ఊరి రచ్చకట్ట నుంచి దేశం నోట్లోకి వెళ్లింది. 2023 అక్టోబరులో ప్రధానే ప్రకటించారు, 2025 సంక్రాంతికి బోర్డు మొదలైంది. బోర్డుతో ధర వస్తుందా అన్నది వేరే తగాదా. రైతులు మాత్రం ఒక పార్టీని పట్టుకుని వేలాడకుండా ఒక పనిని పట్టుకున్నారు, అది గుర్తుపెట్టుకో.

ఇక నాయకుల సంగతి. 2014లో ఆదిలాబాద్‌లో టీఆర్ఎస్ తరఫున గోడం నగేశ్ గెలిచారు. అంతకు ముందు ఆయన తెలుగుదేశం ఎమ్మెల్యే. 2019లో ఓటర్లు పార్టీని మార్చి, నగేశ్‌ను ఓడించి, బీజేపీ సోయం బాపూరావును పంపారు. 2024లో అదే బీజేపీని నిలబెట్టుకున్నారు. గెలిచింది ఎవరు? నగేశ్! బాపూరావు తర్వాత కాంగ్రెస్‌లో చేరారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టేది లేదు, వాళ్ల రాజకీయం వాళ్లది. అయితే ఈ ఇద్దరి జెండాల కోసం ఇంద్రవెల్లిలోనో బోథ్‌లోనో మాటలు మానుకున్న అన్నదమ్ములు ఉంటే వాళ్లు ఇప్పుడు ఏ జెండా కింద కలవాలి?

ఈ మాట దగ్గరే మీ పెద్దబాపు గొంతు పట్టుకుపోతుంది. చెరువు కింది పొలం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో నీకు తెలుసు, ఎట్లా పోయిందో మీ నాయన చెప్పి ఉండడు. 1982 సంగతి. ఐదేండ్లలో నలుగురు ముఖ్యమంత్రులను ఢిల్లీ మార్చిన కాలం అది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎస్సారార్ కాలేజీలో డిగ్రీ అయిపోయి పని లేక తిరిగే పోరగాండ్లకు ఎన్టీఆర్ చైతన్యరథం దుమ్ము లేపుకుంటూ వస్తుంటే ఒళ్లు నిలిచేదా? తాలూకా నాయకుడొకడు కిరాయి జీపు తెచ్చి కొత్త జెండా కట్టాడు. జీపు బాకీకి, పెట్రోలు బాకీకి జమానతు సంతకం మీ పెద్దబాపుది. 1983 జనవరిలో సర్కారు మారింది, ఊరంతా గులాలు చల్లుకున్నది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించినప్పుడు చూస్తే ఆ నాయకుడు అవతలి గట్టున ఉన్నాడు. బాకీ ఇవతలి గట్టునే ఉంది. షావుకారుకు సర్కారు మారిందన్న సంగతి పట్టలేదు. మీ తాత ఒక్క మాట కూడా అనకుండా పోయి కాగితం మీద వేలిముద్ర పెట్టి వచ్చాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది. దాన్ని దాటేందుకు ఎన్ని సందులున్నాయో 2019లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది ఒక్కసారే టీఆర్ఎస్‌లో విలీనమై చూపించారు. ఎమ్మెల్యేకు కనీసం ఆ చట్టమన్నా అడ్డం ఉంది. వెనక తిరిగినోడి బాకీకి ఏ చట్టమూ లేదు.

తర్వాత బడి పంతులు ఉద్యోగం వచ్చి, ఎన్నికల డ్యూటీలు పడ్డాయి. ఉట్నూరు అవతల గూడేల్లో బ్యాలెట్ పెట్టెలు నెత్తిన పెట్టుకుని వాగు దాటిన రోజులున్నాయి. గోండు ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి, ఎవరితో మాట్లాడకుండా ముద్ర గుద్ది, పనికి పోయేవాళ్లు. సాయంత్రం ఏజెంట్లు ఎంత గుచ్చి అడిగినా ఎవరికి వేశారో పలికేవాళ్లు కాదు. ఇప్పుడో? ఓటు వేయక ముందే స్టేటస్, వేసి వచ్చి వేలు చూపించి రీల్. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, చావుకూ ఫ్లెక్సీ, అందులో పన్నెండు తలకాయలు. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు తమకు డబ్బుల కవర్లు అందలేదని జనం రోడ్డెక్కిన వార్తలు చదివి మీ పెద్దమ్మ పేపరు మడిచి పొయ్యిలో పెట్టింది. అప్పుడు లంచం తీసుకునేవాడు చాటుగా తీసుకునేవాడు, ఇప్పుడు రాలేదని ధర్నా!

సరే, ముసలి గొణుగుడు చాలు. అసలు సంగతికి వద్దాం.

మంచిర్యాల ఫైనాన్సు ఆఫీసులో కారు కోసం నువ్వు అడిగి వచ్చిన కాగితాల సంగతి తెలిసింది. ఏ నాయకుడి వెంట తిరగడానికో కూడా తెలిసింది. ఆ సంతకం పెట్టకు. మీ అమ్మను జమానతు అడగకు. ఆమె పేరు మీది పట్టా పాసుబుక్కు ఎల్లుండి బస్సులో మీ పెద్దబాపు వచ్చి తీసుకుపోతాడు, గొడవ చేయొద్దు. సింగరేణి పరీక్ష పుస్తకాలు అటక మీది నుంచి దించు.

పార్టీ పని చేయాలని ఉంటే చెయ్, అది తప్పు కాదు. జేబులో డబ్బుతో చెయ్, అప్పుతో చేయకు. వచ్చే లోక్‌సభ ఎన్నిక 2029లో. అప్పటిదాకా చేయాల్సిన పని వేరే ఉంది. మీ ఎంపీ సభలో ఏం అడిగాడో లోక్‌సభ వెబ్‌సైటులో పేరు కొడితే వస్తుంది. అభ్యర్థి ఆస్తులు, కేసులు ఫారం 26 అఫిడవిట్‌లో ఉంటాయి, ఎన్నికల సంఘం సైటులో ఎవరైనా చూడొచ్చు. నువ్వూ మీ బావా చెరొక పార్టీవాళ్లు కాబట్టి చెరొక కాగితం చూడండి, ఒకరిది ఒకరికి చెప్పండి. పోయిన ఎన్నికలో చెప్పిన ఒక్క పనిని పట్టుకుని ఎక్కడి దాకా వచ్చిందో రాసుకోండి. అయ్యిందా, ఉంచుదాం. కాలేదా, ఎందుకు కాలేదో అడుగుదాం, జవాబు నచ్చకపోతే మారుద్దాం. మీ బావకు ముందు నువ్వే ఫోన్ చెయ్, దసరాకు ఇంటికి రావాలా వద్దా అని మీ చెల్లె ఏడుస్తోంది.

ఇంకొకటి. నీ ఓటు ఇంకా హైదరాబాద్ హాస్టల్ అడ్రసు మీదే ఉందట. దేశాన్ని మార్చేవాడివి, ఓటు మార్చుకోలేదు! ఫారం 8 నింపి ఊరికి తెచ్చుకో. ఇక్కడ మళ్లీ కొత్తగా ఫారం 6 పెట్టకు, రెండు చోట్ల పేరుంటే చట్టం ఒప్పుకోదు. తెలియకపోతే 1950కి ఫోన్ చెయ్, లేదంటే మన బూతు బీఎల్వో అంగన్‌వాడీ టీచరే, బతుకమ్మ గద్దె పక్కిల్లు. ఆదివారం లోపల పెట్టి, దరఖాస్తు నంబరు పెద్దమ్మ ఫోనుకు పంపు, ఆమె క్యాలెండరు మీద రాసి పెడుతుంది.

మీ పెద్దబాపు