చెల్లా? కావడా?



ఎదురెదురుగా లాగే రెండు బలములు ఒకదానినొకటి సరిచేసుకొనుటను చెప్పడానికి మన తెలుగులో మాటలకు కొదువ లేదు. చెల్లు, కావడి, ధడా అని మన పెద్దలు రోజూ వాడినవే. ఇవన్నీ ఒకటేనని అనుకుంటాము. కాని ఏ తగవుకు ఏ మాట సరిపోతుందో తెలియక సంఘములు నష్టపోవుట మేము కన్నులారా చూచాము. కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదటిది చెల్లు. మీరు మాకు పది రూపాయలు బాకీ, మేము మీకు పది రూపాయలు బాకీ. చెల్లుకు చెల్లు అంటే లెక్క తీరిపోయినది. అయితే ఒక సంగతి గమనించండి. ఆ తరువాత మీ పదీ లేదు, మా పదీ లేదు. పుస్తకములో మిగిలేది సున్న.

రెండవది కావడి. పల్లెలలో బద్దకు ఇరుప్రక్కల రెండు కుండలు కట్టి నీళ్ళు మోసేవారు. ఈ కుండ ఇటు లాగితే ఆ కుండ అటు లాగును. ఒకదానిని తీసివేస్తే రెండవది నేలపాలు. అందుకే ఒక ప్రక్కనే బరువున్నప్పుడు రెండవ ప్రక్క రాయి కట్టి అయినా మోసేవారు. ఇక్కడ సున్న లేదు. రెండు కుండల నీళ్ళూ ఇల్లు చేరును. పెరంబూరు రైల్వే వర్కుషాపులలో పనిచేసిన మన పెద్దలకు ఇదే సంగతి ఇనుములో తెలుసు. ఆవిరి ఇంజను పెద్ద చక్రములో క్రాంకుకు ఎదుటి వైపున బరువైన ఇనుప దిమ్మ ఉండును. అది లేకపోతే ఇంజను ఊగిపోయి పట్టాలను గుద్దును. ఎదురుబరువు ఉన్నందుననే బండి నిలకడగా పోవును.

ఇక మన ఇంటి మాట. మిల్లుపనికి, రైలుపనికి ఈ ఊరు వచ్చిన కుటుంబములు మనలో ఎన్నో. బి అండ్ సి మిల్లు 1996లో మూతబడినది. 1955లో ప్రారంభమైన ఐ.సి.ఎఫ్. నేటికీ రైలుపెట్టెలు చేస్తూనే ఉన్నది. మనమూ ఇక్కడనే స్థిరపడ్డాము. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు గాని, చాలామందికి తెలుగు అక్షరములు రావు.

కొన్నేండ్ల క్రిందట మేము కూర్చున్న ఒక పెద్దల కూటమిలో యౌవనులు ఒక కోరిక తెచ్చారు. నెలకు ఒక ఆదివారమైనా ఆరాధన తమిళములో జరగాలన్నారు. పెద్దవారు లేచి, భాష పోతే ఇక మనము ఎవరమని అడిగారు. ఉన్న ఒకటి రెండు తమిళ పాటలు కూడా వద్దన్నారు. మేము చెల్లు మార్గము పట్టాము. మీ కోరిక మీరు విడువండి, మీ అభ్యంతరము మీరు విడువండి, ఎప్పటివలెనే జరగనివ్వండి అన్నాము. ఆ రాత్రి అందరూ చేతులు కలిపారు. సమాధానము వచ్చినదని సంతోషించాము. ఆరు నెలలు తిరగకముందే యౌవనుల బల్లలు ఖాళీ అయ్యాయి. పెద్దవారు కూడా ఆరాధన ముగియగానే మౌనముగా ఇండ్లకు పోసాగారు. గొడవ లేదు. ప్రాణమూ లేదు. పెద్దల భయములో ప్రేమ ఉన్నది. పిల్లల కోరికలో దాహము ఉన్నది. ఆ రెంటినీ కలిపి సున్న చేసినది మేమే.

కావడి ఎత్తవలెనంటే ముందు మూడవ మాట నేర్చుకొనవలెను. అది ధడా. నూనె తూచే కొట్టువాడు ఒక పళ్ళెములో ఖాళీ గిన్నె పెట్టి, రెండవ పళ్ళెములో దానికి సరిపడా రాళ్ళు వేసి ముల్లు నిలిపేవాడు. ఆ తరువాత గిన్నెలో పోసినది మాత్రమే తూకములోనికి వచ్చును. మన సంఘ చరిత్రలో దీనికి గొప్ప సాదృశ్యము ఉన్నది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. అదే కాలువ నేడు మన బేసిన్ బ్రిడ్జి ప్రక్కగా పోవుచున్నది. ఆ రోజులలో ఎందరో బాప్తిస్మము అడిగినా, సహాయము పంచుతున్నంత కాలము వారు ఇవ్వలేదు. ఆకలి బరువు విశ్వాసపు బరువులో కలియరాదని ఆగారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

మనమును తగవు తూచకముందు మన ఖాళీ గిన్నెకు ధడా కట్టవలెను. పదవి, వయస్సు, పాత మనస్తాపము, ఇవన్నీ గిన్నె బరువే. మా గిన్నె ఏండ్ల తరబడి కూర్చున్న పెద్దరికపు కుర్చీ. దానిని ప్రక్కకు తీసి చూస్తే, యౌవనుల మాటలో తిరుగుబాటు అని మేము తూచినది చాలావరకు మా కుర్చీ బరువేనని తెలిసినది.

తరువాత ఆ పిల్లల ఇండ్లకు మేమే వెళ్ళాము. ఇప్పుడు తెలుగు పాటలు తమిళ అక్షరములలో వ్రాసి ఇస్తున్నాము. నెలలో ఒక సాయంకాలము వారు తమిళములో కూటము జరుపుతారు. వెనుక బల్లపై ముసలివారి ప్రక్కన ఒకరు కూర్చుండి తెలుగులో అర్థము చెప్పుతారు. అందరూ తిరిగి రాలేదు. వచ్చినవారితో కావడి ఎత్తాము. భుజము నొచ్చుట నిజమే.

పౌలు, బర్నబాలు మార్కు విషయమై తీవ్రముగా వాదించి విడిపోయారు. పౌలు పని కొరకు పట్టుబట్టెను, బర్నబా మనిషి కొరకు పట్టుబట్టెను. విడిపోయినా ఎవరూ తమ కుండ పారబోయలేదు. బర్నబా చేరదీసిన ఆ మార్కే తరువాత పౌలు పరిచర్యకు అక్కరకు వచ్చెను.

చివరకు ఒక హెచ్చరిక. మంచినీళ్ళకు మంచినీళ్ళు కావడి కట్టవచ్చును, విషమునకు కట్టరాదు. వారమంతా అన్యాయము చేసి, ఆదివారము కానుక వేసి, చెల్లుకు చెల్లు అనుకొనేవారున్నారు. ఆ చెల్లు దేవుని యెదుట చెల్లదు. ఆ బాకీ మన మంచిపనులతో తీరేది కాదు. సిలువ మీద ప్రభువే తీర్చెను. పాపమును, పరిశుద్ధతను సమతూకము చేయుట మన పని కాదు. అయితే ఇరువురు విశ్వాసులు రెండు మంచి సంగతుల కొరకు పోట్లాడుతున్నప్పుడు, దయచేసి ఏ కుండనూ ఒలకబోయకండి.

మీ సంఘములో ఇప్పుడు అట్టి తగవు ఉన్నదా? ముందు మీ గిన్నెకు ధడా కట్టండి. తరువాత భుజము వంచండి. ప్రభువు మన సంఘములను దీవించును గాక. ఆమేన్.